పిండి ఒలకలేదు

ఆ మధ్య ఒక చిన్న కథల పోటీకి వచ్చిన కథలు చదివే పని నా నెత్తిన పడింది. స్నేహితులు నడిపే పోటీ, కాదనలేకపోయాను. రెండు ఆదివారాలు కూర్చుని చదివాను. సగం కట్ట అయ్యేసరికి ఒకే కుర్రాడు మళ్ళీ మళ్ళీ ఎదురవుతున్నట్టు అనిపించింది. పేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఒకచోట చెరువు గట్టు, ఒకచోట హాస్టల్ డాబా, ఇంకోచోట పెళ్ళివారి విడిది వెనకాల కుర్చీలు పేర్చిన చోటు. వాడు మొదటిసారి తాగుతాడు. గొంతు మండుతుంది. చుక్కలు గిర్రున తిరుగుతాయి. కక్కుకుంటాడు, వాళ్ళ నాన్నని తల్చుకుని ఏడుస్తాడు. ఆఖర్న తెల్లారుతుంది, వాడింక పిల్లాడు కాడని మనకి అర్థమయ్యేలా సూర్యుడి మీద ఒక వాక్యం ఉంటుంది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే 2003లో నేను రాసిన కథ అచ్చం అదే. నాది గోదావరి గట్టు, అంతే తేడా. ఒక వారపత్రికకి పంపితే నెల తిరక్కుండా వెనక్కొచ్చింది. అప్పుడు ఆ సంపాదకుణ్ణి వారం రోజులు తిట్టుకున్నాను. ఇప్పుడు కనిపిస్తే టీ ఇప్పిస్తాను.

తమాషా ఏంటంటే, నాకు నిజంగా జరిగింది అది కాదు. నేను కక్కుకోలేదు, ఏడవలేదు. ఏ సూర్యుడూ ఉదయించలేదు, సాయంత్రం ఏడింటికే ఇంటికొచ్చేశాను. కానీ కథ రాయడానికి కూర్చోగానే జరిగింది పక్కనబెట్టి, కథల్లో జరిగేది రాసేశాను. మొదటి పెగ్గు అంటే ఇలాగే ఉండాలి కాబోలు అనుకున్నాను.

1996, దసరా సెలవులు. నాకు పద్దెనిమిది నిండి రెండు నెలలు. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తోంది. 1995 జనవరి 16న మొదలైంది, 1997లో ఎత్తేశారు. అంటే సరిగ్గా మా బ్యాచికి మీసాలొచ్చే టైముకి షాపులు మూసేశారన్నమాట. కానీ కోనసీమ వాళ్ళకి యానాం ఉంది. గౌతమికి ఇటు ఎదుర్లంక, అటు యానాం. ఇటు ఆంధ్ర, అటు పాండిచ్చేరి. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినా ఆ ఊరు మనలో కలవలేదు, పాండిచ్చేరిలోనే ఉండిపోయింది. హైదరాబాదులో ఎంత పెద్ద సంతకం పెట్టినా ఆ ఒడ్డున చెల్లేది కాదు. అప్పటికి ఇప్పుడున్న పెద్ద వంతెన లేదు. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు ఎక్కి దాటాలి. సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఒక మేక, మనుషులు, అందరం ఒకటే బల్ల మీద.

తీసుకెళ్ళింది మా బావ. మావయ్య కొడుకు, నాకన్నా మూడేళ్ళు పెద్ద, అమలాపురంలో ఒక ఎలక్ట్రికల్ షాపులో పని. అమ్మకి ఏం చెప్పాలో కూడా ముందే ఆలోచించి పెట్టాడు. "యానాంలో సామాన్లు చవక, ఏమన్నా కావాలా అత్తా?" అని అడిగాడు. అమ్మ కుక్కరు గాస్కెట్టు తెమ్మంది.

అవతలి ఒడ్డున ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఉడికించిన శనగలు. తలో బీరు. చల్లగా లేదు, ఐసు అయిపోయిందన్నారు. వేపపుల్ల నమిలి వెంటనే గోలీసోడా తాగితే ఎలా ఉంటుందో అలా ఉంది. నాకు నచ్చలేదు, ఆ మాట పైకి అనలేదు. దానికి బదులు సీసా మీద లేబుల్ చదివి బావకి క్లాసు పీకడం మొదలుపెట్టాను. ఇందులో ఉండేది బార్లీయేనని, జ్వరమొచ్చినవాళ్ళకి కాచి ఇచ్చే బార్లీ అదేనని, కాబట్టి ఇది ఒంటికి చలవ చేస్తుందని. బావ కాసేపు విని, "నోర్మూసుకుని తాగరా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎదుర్లంక రేవులో ఎక్సైజువాళ్ళు సంచులు వెతుకుతున్నారు. నా గుండె దడదడలాడింది. బావ నవ్వాడు. "సంచిలో ఉంటే పట్టుకుంటారు గానీ, కడుపులో ఉన్నదాన్ని ఏం చేస్తారెహె." నా చేతికి గాజులా వేలాడుతున్న గాస్కెట్టు చూసి ఒకాయన వెళ్ళు వెళ్ళు అన్నాడు. (అది మూడు లీటర్లది. మా కుక్కరు ఐదు లీటర్లది. ఆ సంగతి మర్నాడు తెలిసింది.)

రేవు దాటాక బావ చొక్కా జేబులోంచి జామాకులు తీశాడు. పొద్దున బయల్దేరేటప్పుడే కోసుకొచ్చాడట, మడతపెట్టి కిళ్ళీలా చుట్టి పెట్టుకున్నాడు. నాలుగు నాకిచ్చాడు. "బాగా నమిలి ఊసెయ్, వాసన రాదు. మా నాన్న ఇదే చేసేవాడు."

ఆ మాట నేను 2003 కథలో రాయలేదు. చుక్కలు తిరిగాయని రాశాను గానీ ఈ మాట రాయలేదు. చూడండి.

ఇక్కడ కొంచెం ఆగి ఇంకో కథ సంగతి చెప్పాలి. 2006లో అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద అమెరికా రచయిత హెమింగ్వే కథల పుస్తకం ఒకటి దొరికింది. అందులో 'ది త్రీ డే బ్లో' అని ఒక కథ. 1925లో పుస్తకంగా వచ్చింది. అమెరికాలోనూ అప్పుడు మద్యనిషేధమే, 1920 నుంచి 1933 దాకా. వాళ్ళ రాజ్యాంగ సవరణకి కావలసినన్ని రాష్ట్రాల ఆమోదం వచ్చింది కూడా జనవరి 16నే, 1919లో. కాకతాళీయమే లెండి, కానీ నాకు ముచ్చటేసింది.

కథలో పెద్దగా ఏం జరగదు. మిషిగన్‌లో ఆపిల్ తోట, కోతలైపోయాయి. నిక్ అనే కుర్రాడు వానకి తడిసిన గడ్డిలో మెరుస్తున్న ఒక ఆపిల్ తీసి కోటు జేబులో వేసుకుని స్నేహితుడు బిల్ ఇంటికి వస్తాడు. బయట పెనుగాలి, ఇక మూడు రోజులు కొడుతుంది. బిల్ వాళ్ళ నాన్న తుపాకీ పట్టుకుని వేటకెళ్ళాడు. కుర్రాళ్ళిద్దరూ చలిమంట ముందు కూర్చుని ఆయన విస్కీ తాగుతారు. దానికి పొగ వాసనేంటంటే పీట్ వల్ల అంటాడు బిల్. పీట్ అంటే బురదనేలల్లోంచి తవ్వి ఎండబెట్టి పొయ్యిలో పెట్టే మట్టిగడ్డల్లాంటివి. విస్కీలో పీట్ ఎలా వేస్తారంటాడు నిక్. తీరా చూస్తే ఇద్దరిలో ఎవరూ దాన్ని చూసి ఎరగరు. అది చదివి బస్సులో పైకే నవ్వాను. నా బార్లీ గుర్తొచ్చింది.

బిల్ వాళ్ళ నాన్న పెట్టిన రూలు ఒకటుంది. తెరిచున్న సీసాలోంచి ఎంతైనా తాగొచ్చు, కొత్త సీసా మాత్రం తెరవకూడదు. సీసాలు తెరవడమే మనిషిని తాగుబోతుని చేస్తుందని ఆయన నమ్మకం. నిక్ అప్పటిదాకా ఒంటరిగా తాగడమే తాగుబోతుని చేస్తుందనుకుంటున్నాడు. ఇద్దరూ ఆ విషయం మహా సీరియస్‌గా తీసుకుంటారు. ఎంత మత్తెక్కితే అంత పెద్దమనుషుల్లా మాట్లాడతారు. బేస్‌బాల్, పుస్తకాలు, పెళ్ళి, అన్నీ. మధ్యలో నిక్ మంటలోకి దుంగ తేవడానికి వెళ్ళి, వంటింట్లోంచి వస్తూ బల్ల మీదున్న గిన్నెని తగిలి పడేస్తాడు. ఎండు ఆప్రికాట్లు నానబోసిన గిన్నె. వాడు దుంగ కిందపెట్టి, ఒక్కొక్క పండూ ఏరుతాడు. పొయ్యి కిందకి దొర్లినవి కూడా. అన్నీ గిన్నెలో వేసి, బకెట్టులోంచి ముంచి నీళ్ళు పోసి, మళ్ళీ బల్ల మీద పెడతాడు. చాలా గర్వపడతాడు, ఎంత పద్ధతిగా చేశానో అని.

ఈ కథలో వాళ్ళు తాగడం మొదటిసారని ఎక్కడా లేదు. గొంతు మండినట్టు లేదు, ఏడుపు లేదు. ఆప్రికాట్లున్నాయి. తాగినవాణ్ణి పట్టించేది తూలడం కాదు, అతిజాగ్రత్త. ఇది హెమింగ్వే ఎక్కడా చెప్పడు, పండ్లు ఏరిస్తాడంతే. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. నాకు మా దొడ్డి కనిపించింది.

మా ఇంట్లో రుబ్బురోలు దొడ్లో, జామచెట్టు కింద ఉండేది. నేను దొడ్డిదారినే వచ్చాను. లోపలికెళ్ళే ముందు చెట్టు దగ్గర ఇంకో గుప్పెడు ఆకులు కోసి నమిలాను, నాలుగు ఆకులు సరిపోలేదేమోనని టెన్షన్. అప్పటికే దీపాలు పెట్టేశారు. అమ్మ రోలు దగ్గర పిండి తీస్తోంది. మర్నాటి ఇడ్లీలకి మినప్పిండి. పెద్ద సత్తు గిన్నె, దాదాపు అంచుదాకా ఉంది.

"నేను పట్టుకెళ్తాలేమ్మా" అన్నాను.

అమ్మ తలెత్తి చూసింది. ఏమీ అనలేదు. గిన్నె ఎత్తాను. రోలు నుంచి వంటింటి గడప దాకా ఇరవై అడుగులుంటుంది. మధ్యలో బట్టలారేసే తీగ, దాని కింద వంగాలి. తర్వాత రెండు మెట్లు, రెండోది కొంచెం పగిలింది. నేను తీగ కింద గిన్నెతో సహా వంగాను. మెట్ల దగ్గర ఆగి, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. పిండి ఉపరితలం అద్దంలా కదలకుండా ఉంది. గూటి పక్కన పీట మీద గిన్నె దించి, మూత పెట్టి, మూత మీద చిన్న రాయి కూడా పెట్టాను. చుక్క ఒలకలేదు. వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా మెచ్చుకుంటారేమో అన్నట్టు.

అరుగు మీద నుంచి నాన్న అంతా చూశాడు. "పర్లేదే, దారిలో పడ్డాడు వీడు" అన్నాడు.

నాన్నకి తెలియలేదు. అమ్మకి తెలిసింది. ఆ రోజుకి ముందు పద్దెనిమిదేళ్ళలో నేను ఆ ఇంట్లో ఒక గిన్నె ఇక్కడ తీసి అక్కడ పెట్టినవాణ్ణి కాదు మరి.

కాసేపటికి అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా మొహంకేసి చూడలేదు. మెల్లిగా, "అన్నం పెట్టేదా?" అంది.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు, ఏడవలేదు. సినిమాల్లో అయితే చెంప పగిలేది. కానీ మా అమ్మ నన్నెప్పుడూ అలా అడిగి ఎరగదు. "రారా, చల్లారిపోతోంది, తర్వాత నన్నను", ఇదీ రోజూ వినే మాట, అది కూడా వీధి చివరికి వినిపించేంత గట్టిగా. ఈ మెల్లని గొంతు నాకు తెలుసు. అది మావయ్య గొంతు. అంటే, మావయ్య వచ్చినప్పుడు అమ్మ వాడే గొంతు. మావయ్య నిషేధానికి ముందు రోజూ తాగేవాడు, నిషేధం వచ్చాక దొరికినప్పుడల్లా తాగేవాడు. ఆయన ఏ రాత్రప్పుడో చెల్లెలింటికి వచ్చి అరుగు మీద కూర్చుంటే, అమ్మ గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూడకుండా అడిగేది, "అన్నయ్యా, అన్నం పెట్టేదా?" అని. గట్టిగా అడిగితే ఏమవుతుందో, చూస్తే ఏమనుకుంటాడో అని లెక్క చూసుకునే గొంతు అది. మా ఇంట్లో అప్పటిదాకా ఒక్క మనిషి కోసమే ఉండేది.

తల వంచుకుని తిన్నాను. రాత్రి నా చొక్కా తీసుకెళ్ళి తనే ఉతికి ఆరేసింది. మామూలుగా బట్టలు పొద్దున ఉతుకుతుంది.

పోటీ కథల్లో కుర్రాళ్ళెవరూ ఇంటికెళ్ళరు. ఇదీ నా కంప్లైంటు. కథ గట్టు మీదే, డాబా మీదే అయిపోతుంది. వాడు పెద్దవాడయ్యాడని వాడే అనుకుంటాడు, రాసినాయన ఒప్పుకుంటాడు, అయిపోయింది. గడప దాటాక ఆ ఇంట్లో వాడితో ఎవరు ఎలా మాట్లాడారో రాయరు. నేనూ రాయలేదు కాబట్టి ఎవర్నీ అనే హక్కు లేదనుకోండి.

ఇంటికెళ్ళిన కుర్రాడి కథ ఒకటుంది, ఐర్లండ్ రచయిత ఫ్రాంక్ ఓ'కానర్ రాసిన 'ది డ్రంకర్డ్'. వాడు కుర్రాడు కూడా కాదు, చిన్నపిల్లాడు. తండ్రికి తాగుడు జబ్బు. కొంతకాలం మానేస్తాడు, మానేసినప్పుడు మహా బుద్ధిమంతుడు, తర్వాత ఒక్క చుక్క పడితే మళ్ళీ మొదలు. వీధిలో ఒకాయన చనిపోతే అంత్యక్రియలకి వెళ్తాడు. తాగకుండా కాపలాగా తల్లి పిల్లాణ్ణి తోడు పంపుతుంది. అక్కణ్ణుంచి సారాకొట్టుకే. తండ్రి గ్లాసు ముందు పెట్టుకుని, ఇన్నాళ్ళకి వచ్చిన ఆనందాన్ని తొందరపడి పాడుచేసుకోకుండా, అటు తిరిగి కబుర్లు చెబుతుంటాడు. ఈలోగా పిల్లాడు దాహమేసి ఆ గ్లాసు ఖాళీ చేస్తాడు. ఇక చూడండి, తాగిన కొడుకుని తాగని తండ్రి వీధంతా మోసుకురావాలి, అమ్మలక్కలందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తుంటే. ఎప్పుడూ తను నడిచే దారే, తను పడే అవమానమే, ఈసారి చేతుల్లో కొడుకు. ఆఖర్న తల్లి ఆ పిల్లాణ్ణి తిట్టదు. మొగుణ్ణి కాపాడిన దేవదూత అంటుంది.

ఎన్నిసార్లు చదివినా పడీపడీ నవ్వుతాను. అది నవ్వించే కథే. కానీ అందులోనూ తీర్పు చెప్పేది ఇంట్లో ఉన్న ఆడమనిషే.

మనకి అలాంటి కథ లేదా అంటే, ఒకటుంది. ఏ సంకలనంలోనూ వెయ్యరు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు నడిచాయి, అక్షరాస్యత ఉద్యమం. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. సారా వల్ల ఒక ఆడదాని సంసారం ఏమైందో చెప్పే పాఠం, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నవాళ్ళ కోసం చిన్న చిన్న మాటల్లో రాసింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు అది చదివి, మాట్లాడుకుని, వెళ్ళి సారా దుకాణం మూయించారు. అక్కణ్ణుంచి ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, తర్వాత ఎన్టీఆర్ మొత్తం మద్యానికే పెట్టిన నిషేధం. అంటే నేను పంటెక్కి నది దాటాల్సి రావడానికి కారణం ఒక చిన్న కథ. మా అమ్మ పేపర్లో, ఆ ఆడవాళ్ళని ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ ఫోటో చూసి చాలాసేపు పేజీ తిప్పలేదు, అది గుర్తుంది.

అలాంటి కథల్లో తాగేవాణ్ణి గుమ్మంలోంచి చూస్తాం. ఇంటికొచ్చినప్పుడే కనిపిస్తాడు. మా పోటీ కథల్లో గట్టు మీదే కనిపిస్తాడు. ఒకే మనిషి, రెండు కథల్లో సగం సగం. ఎన్నేళ్ళుగానో ఆ రెండు సగాలూ ఒకరినొకరు పలకరించుకోకుండా ఉన్నాయి. మధ్యలో నాలుగు జామాకులు.

నా కథ మళ్ళీ రాస్తున్నాను. రేవు, బీరు ఒక పేరాలో తేల్చేశాను. పిండి గిన్నెకి మాత్రం మూడు పేజీలు పట్టింది. ముగింపు కుదరడం లేదు, ఎందుకంటే నిజంగా జరిగిన ముగింపు కథలో పెడితే అల్లినట్టుంటుంది. ఇక్కడైతే ఉన్నదున్నట్టు చెప్పేయొచ్చు.

అమ్మ ఆ గొంతుతోనే రెండు వారాలకి పైగా మాట్లాడింది. నాన్నకి ఏమీ చెప్పలేదు. నాతోనూ ఆ విషయం ఎత్తలేదు. బావ వస్తే నవ్వుతూ కాఫీ ఇచ్చింది. నాకు మాత్రం గుమ్మంలోంచి, "అన్నం పెట్టేదా?" తిట్టినా బావుండుననిపించేది.

నవంబరు 6న తుఫాను వచ్చింది. కోనసీమ వాళ్ళకి ఆ తేదీ చెప్పక్కర్లేదు. మాది పెంకుటిల్లు, సాయంత్రానికే పెంకులు లేవడం మొదలెట్టాయి. పక్కవాళ్ళ డాబాలోకి వెళ్ళి ఒకే గదిలో ఇరవై మందిమి కూర్చున్నాం. గాలి శబ్దం ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను, కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు మాత్రం చెప్పగలను, మందు దట్టించి పేల్చినట్టు. తెల్లారి బయటికొస్తే ఊరు ఊరులా లేదు. తీరం వైపు నుంచి వస్తున్న కబుర్లు వినలేకపోయాం. మావయ్య వాళ్ళు క్షేమమని మూడో రోజుగ్గానీ తెలియలేదు. అమ్మ ఆ మూడు రోజులూ సరిగ్గా తినలేదు.

నాలుగో రోజు దీపావళి. కరెంటు లేదు, ఎప్పటికొస్తుందో తెలియదు. నాన్నా నేనూ దొడ్లో పడిపోయిన చెట్లు నరుకుతున్నాం. ఏడు కొబ్బరిచెట్లలో రెండు మిగిలాయి. జామచెట్టు వేళ్ళతో సహా లేచి రుబ్బురోలు మీద అడ్డంగా పడింది. ఆకులు అప్పటికే వడిలిపోయాయి, దొడ్డంతా ఆ వాసనే.

అమ్మ వచ్చి చెట్టు దగ్గర నిలబడింది. ఒక రెమ్మ తుంపి, వేళ్ళ మధ్య నలిపి, కింద పడేసింది. నావైపు చూసింది, సూటిగా.

"ఇంకేం నములుతావో చూస్తాను" అంది.

నాన్న కత్తి ఆపి, "ఏంటే?" అన్నాడు.

"ఏం లేదు, కాయల గురించి. రారా, ఆ కొమ్మ ఇటు పట్టు, రోలు కింద పడి ఛస్తోంది."